పళ్ళెం వెలుగులో తూనీగ

తాడేపల్లిగూడెం,
12 నవంబరు 1936.

యోసేపన్నయ్యకు,

నీ చెల్లెలు దేవకుమారి వందనాలు. వదినా పిల్లలూ కులాసా అని తలుస్తాను. నేను కులాసాగా లేను. ఒంట్లో జబ్బేమీ లేదు, కడుపు మండిపోతోంది, అంతే.

నిన్నటి పత్రిక మీ ఇంటికి వచ్చే ఉంటుంది. మీ ఏలూరు స్టూడియో నరసరాజు గారి ఫోటోకి మద్రాసు ప్రదర్శనలో వెండి కప్పు వచ్చిందని వేశారు. తామరమొగ్గ మీద వాలిన తూనీగ, రెక్కల నిండా మంచు. "కొల్లేటి రత్నం" అని దానికి పేరు కూడా పెట్టుకున్నాడు. అన్నయ్యా, ఆ తూనీగ నాది. ఆ ఫోటో తీసింది నేను.

కిందటి ఫిబ్రవరిలో బడి సెలవుల్లో కొల్లేటిలో గుడివాకలంక వెళ్ళానని చెప్పాను, నీకు జ్ఞాపకం ఉందా? మా బడి దొరసాని తన దేశం వెళ్ళిపోతూ నాకిచ్చిన హాఫ్ ప్లేటు కెమెరా పట్టుకుని, పొద్దు పొడవకముందే దోనె ఎక్కాను. మంచుకి రెక్కలు తడిసి ఉన్నంతసేపూ తూనీగ ఎగరలేదు. వెనకాల ఒక పెద్ద తామరాకు గొడుగు వాల్చినట్టు నిలబడి ఉంది. అద్దంతో ఎండ తిప్పితే మరీ సూదిగా పడుతోందని, అమ్మ ఇత్తడి పళ్ళెం చింతపండుతో తళతళా తోమి తీసుకువెళ్ళాను. ఒక చేత్తో ఆ పళ్ళెం మొగ్గ పక్కనే పట్టుకుని, రెండో చేత్తో లెన్సు మూత తీశాను. అమ్మ పోయాక నేను మనసుపెట్టి చేసిన మొదటి పని అదే.

మా హాస్టల్లో చీకటి గది లేదు కదా, ఆ గాజు ప్లేటు మందునీళ్ళలో కడిగి బొమ్మ తేల్చడానికి నరసరాజు గారికిచ్చాను. వారం పోయాక వెళితే, "ప్లేటు పొగచూరిపోయిందమ్మా. ఆడపిల్లలు నల్లగుడ్డ సరిగా కప్పుకోరు, వెలుగు దూరుతుంది. పోనీలెండి, ఇంకోటి తీసుకోండి," అన్నాడు. నేను నమ్మాను. నాదే తప్పని రైల్లో గూడెం దాకా ఏడుస్తూ వచ్చాను. పైగా ఓదార్చినందుకు ఆయనకి థాంక్స్ కూడా చెప్పాను!

ఆ తూనీగకి కుడివైపు కింది రెక్క కొసని ఏ పిట్టో పొడిచింది. పత్రికలోనూ ఆ చిరుగు ఉంది. కానీ ఆ మాట ఎవరితో చెప్పను? కప్పు పుచ్చుకున్న పెద్దమనిషి ఒకవైపు, బడి పంతులమ్మ ఒకవైపు.

మళ్ళీ తీస్తాను. ఈసారి ఇంకా దగ్గరగా తీస్తాను, దాని పక్కన తన ఫోటో పెట్టుకోవడానికి ఆయనకే సిగ్గు వెయ్యాలి. నీ కళ్ళజోళ్ళ కొట్టుకి పాత లెన్సులు కూడా వస్తుంటాయి కదా. దగ్గరి ఫోటోకి ఏ లెన్సు మంచిదో, వెలుగు ఎలా వెయ్యాలో వివరంగా రాయి.

నీ చెల్లెలు,
దేవకుమారి.


ఏలూరు,
17 నవంబరు 1936.

చిరంజీవి దేవకుమారికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట లెన్సు సంగతి చెబుతాను, అది నాకు బాగా తెలిసిన విషయం.

నీ కెమెరా లెన్సు ముందు ఒక కళ్ళజోడు అద్దం కట్టుకుంటే దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపిస్తుంది. ఖర్చు లేదు. కానీ నడిమి భాగమే స్పష్టంగా వస్తుంది, అంచులు అలుక్కుపోతాయి. రెక్క కొసల దాకా చూపించాలనుకునేదానికి అది పనికిరాదు. ఉన్న లెన్సే ఉంచి, కెమెరా తోలుతిత్తి చివరంటా లాగితే కూడా వస్తువు పెరుగుతుంది. అప్పుడు నువ్వు కాస్త దూరంగానే ఉండవచ్చు, పురుగు బెదరదు. అయితే తిత్తి సాగినకొద్దీ ప్లేటు మీద పడే వెలుగు తగ్గిపోతుంది, మూత చాలాసేపు తీసి ఉంచాలి. ఈలోగా గాలి వీచిందా, మొగ్గ ఊగిందా, అంతా పోయినట్టే.

అసలు పొట్టి లెన్సుంటే తిత్తి అంత సాగదీయకుండానే ఎంతో పెద్దదిగా వస్తుంది. నా దగ్గర జర్మను లెన్సు ఒకటుంది. ఫోటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జిమెంట్లకి చేసినదే గాని దగ్గరి ఫోటోకి దానంత పదునైనది ఈ జిల్లాలో లేదని నా నమ్మకం. నీకోసం దాచి ఉంచుతాను. దానికి ఒక్కటే చిక్కు, వస్తువుకి మరీ దగ్గరగా వెళ్ళాలి. పురుగులకి ఫరవాలేదు. మనుషుల ముఖం దగ్గర మాత్రం పెట్టకు. మా బావమరిది ముచ్చటపడి తీయించుకుంటే ముక్కు గుమ్మడికాయలా, చెవులు ఆవగింజల్లా వచ్చాయి. ఆ ఫోటో వాళ్ళావిడ పొయ్యిలో పెట్టింది.

ఇక వెలుగు. మెగ్నీషియం పొడి జోలికి వెళ్ళకు. ఒక్కసారి భగ్గుమంటుంది, పొగకి పురుగు పారిపోతుంది, ఫోటో చపాతీలా చదునుగా వస్తుంది. పొద్దుటి ఎండ పక్కనుంచి, కిందుగా పడేలా చూసుకో. అలా పడ్డ వెలుగులో ప్రతి గరుకూ ప్రతి గుంటా కనబడుతుంది. పళ్ళెం ఆలోచన బాగుంది.

నరసరాజు గారి సంగతి మాత్రం వదిలెయ్యి. ఏటా మన చర్చి క్రిస్మస్ గ్రూపు ఫోటో తీసేది ఆయనే. తూనీగలన్నీ ఒక్కలాగే ఉంటాయి, రెక్కలు చిరిగినవీ బోలెడుంటాయి. ఒకవేళ నువ్వన్నదే నిజమైనా క్షమించడమే మనకి నేర్పారు. పిన్ని ఉంటే అదే చెప్పేది.

అన్నయ్య,
యోసేపు.


తాడేపల్లిగూడెం,
20 నవంబరు 1936.

అన్నయ్యకు,

అమ్మ ఉంటే ఆ మాట చెప్పేది కాదు. పక్కింటావిడ మన రోలు పట్టుకుపోయి తనదేనంటే, ఆవిడ గుమ్మంలో కూర్చుని రోలు తిరిగొచ్చేదాకా లేవని మనిషి అమ్మ. నువ్వూ ఆ వీధిలోనే ఉన్నావు.

తూనీగలన్నీ ఒక్కలాగే ఉంటాయా? నీ కొట్టుకి వచ్చిన కళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయా మరి? ఒకటి చెయ్యి. నరసరాజు గారు తన స్టూడియో కిటికీలో ఆ ఫోటో పెట్టాడని మా బడి ఆయా చూసి వచ్చి చెప్పింది. నీ కొట్టుకి నాలుగు అంగలేగా. వెళ్ళి ఒక్కసారి దగ్గరగా చూడు. చూశాక కూడా క్షమించమని రాస్తే నేనీ ఊసు ఎత్తను.

దేవకుమారి.


ఏలూరు,
22 నవంబరు 1936.

దేవా,

చూశాను.

నువ్వు చెప్పావని మొక్కుబడిగానే వెళ్ళాను. జేబులో భూతద్దం ఉంది. నరసరాజు గారు లోపల ఎవరికో ఫోటో కోసం మెడ సరిచేస్తున్నారు. రెక్క చిరుగు చూశాను, సరే అనుకున్నాను. తూనీగ వెనకాల తామరాకు మీద ఒక వెలుగు మచ్చ ఉంది. అది నీ పళ్ళెం వేసిన వెలుగే అయి ఉంటుందని భూతద్దం అక్కడికి జరిపాను. ఆ వెలుగులో నల్లగా చుక్కలు కనిపించాయి. ఆకుకి తెగులేమో అనుకున్నాను. కానీ తెగులు వరసలో నడవదు కదా.

నీకు గుర్తుందా, పిన్ని పెళ్ళికి పెట్టిన సామానంతటి మీదా పేరు కొట్టించారు? ఆ పళ్ళెం లోపలి అంచున కంసాలి చుక్కలు చుక్కలుగా "కృపావరం" అని కొట్టాడు. నువ్వు దాంతో ఎండ తిప్పినప్పుడు, చుక్కలున్న చోట వెలుగు లేక, పేరు కాస్తా ఆకు మీద పడింది. అద్దంలోలాగా తిరగబడి పడింది. మసగ్గా ఉంది, అంతా చదవలేకపోయాను. చివర "వరం" మాత్రం తెలిసింది. మిగతాది నా వేళ్ళకే తెలుసు దేవా. అమ్మ పోయాక నన్ను పిన్ని ఆ పళ్ళెంలోనే అన్నం కలిపి పెంచింది. అన్నం తింటూ ఎన్ని ఏళ్ళు ఆ చుక్కలు తడుముకున్నానో.

పిన్ని పేరు తన కిటికీలో పెట్టుకుని, కింద తన సంతకం చేసుకున్నాడు! నాకు అక్కడే వాణ్ణి కాలరు పట్టుకుని బయటికి లాగాలనిపించింది. ఇన్నాళ్ళూ గారూ గారూ అన్న నోటితోనే వాడూ వీడూ అంటున్నాను, ఏమనుకోకు. క్షమించమని రాసిన ఆ కాగితం చింపెయ్యి.

ఇప్పుడు జాగ్రత్తగా విను. క్రిస్మస్ ముందు శనివారం ఇక్కడ రీడింగురూము హాల్లో అతనికి సన్మానం చేస్తున్నారు. తలుపంత ఎన్‌లార్జిమెంటు చేసి అక్కడ ఆవిష్కరించాలని వాడి సరదా. కానీ వాడి లెన్సు పాతది, పెద్దది చేస్తే మసక వస్తోంది. మంచి లెన్సు అరువుంటే ఇమ్మని మొన్న కొట్టుకి వచ్చాడు. నీకోసం దాచాను కనక లేదన్నాను.

ఆ జర్మను లెన్సు వాడికిస్తాను. మసక లెన్సుకి మచ్చలా కనిపించేది ఆ లెన్సుకి అక్షరాలుగా కనిపిస్తుంది. వాడి చేత్తోనే తలుపంత అక్షరాలు చేసుకుని నలుగురి ముందూ నిలబెట్టుకుంటాడు. తూనీగని తప్ప వెనకాలేముందో చూసే అలవాటు వాడికి లేదు, ఉంటే ఇప్పటికే గీకి పారేసేవాడు. నువ్వు సరేనంటే ఇస్తాను. లెన్సు నీది.

యోసేపు.


తాడేపల్లిగూడెం,
24 నవంబరు 1936.

అన్నయ్యా,

ఇచ్చెయ్యి. అద్దాలు తుడిచి మరీ ఇవ్వు.

నీ ఉత్తరం చదివి పళ్ళెం తీసుకుని వరండాలోకి పరిగెత్తాను. ఎండ తిప్పి గోడ మీద వేశాను. అమ్మ పేరు సున్నం మీద వణుకుతూ నిలబడింది. ఎంతసేపు చూశానో తెలియదు. పిల్లలు చుట్టూ చేరి "టీచరుగారూ, అదేంటండీ?" అంటున్నారు. ఆ పొద్దుట దోనెలో నేనొక్కదాన్నే అనుకున్నాను.

పళ్ళెం మన పాస్టరు గారి చేతికిచ్చి పంపుతున్నాను. తోమే ఉంది, నువ్వు మళ్ళీ తోము. దీపాల సంగతి మరచిపోకు. పటానికి ఎదురుగా పెట్రోమాక్సు పెడితే దీపమే మెరిసి అక్షరాలు కనబడవు. చెరో పక్కా ఒకటి ఐమూలగా పెట్టించు. సాయం చేస్తానని నువ్వే ముందుకు వెళితే నీకే అప్పగిస్తారు.

నేను రాలేను. సరిగ్గా ఆ శనివారమే ఇన్‌స్పెక్షను, సెలవు లేదన్నారు. ఇదేం అన్యాయమో చూడు! వాడి ముఖం ఎలా మారిందో ఒక్క ముక్క వదలకుండా నువ్వు రాయాలి. జాలిపడి వదిలేశావా, నేను మీ గడప తొక్కను.

దేవకుమారి.


ఏలూరు,
20 డిసెంబరు 1936.

దేవా,

నువ్వడిగినట్టే అంతా రాస్తున్నాను.

హాలు నిండిపోయింది. రిటైరయిన తెలుగు పండితులు కోదండరామయ్య గారు అధ్యక్షులు. తెర తీయగానే జనం చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొట్టాను. ఆ తూనీగ కంటిలో మంచుబొట్టు కూడా కనిపిస్తోంది. నీ చెయ్యి అది.

నరసరాజు లేచాడు. జరీ కండువా. "తెల్లవారు మంచులో కొల్లేటి నడిబొడ్డున, ప్రాణాలకి తెగించి, మెగ్నీషియం పొడి వెలిగించి ఈ చిత్రం తీశానండీ," అన్నాడు. దీపాలు నేనే పెట్టించాను కదా, ఆ మాటనేసరికి కుడిపక్క దీపం కాస్త ఎక్కువ చేశాను.

ఆడవాళ్ళ బెంచీ మీంచి మన దానమ్మత్త లేచింది. నేను ఆవిడకేమీ చెప్పలేదు, దేవుడి తోడు. "ఏవండీ, ఆ ఆకు మీద చుక్కలేంటండీ? మా గిన్నెల మీద పేర్లు కొట్టినట్టున్నాయి," అంది. పక్కనున్నవాళ్ళందరూ మెడలు చాచారు. మగవాళ్ళం ఎంతమందిమి చూశాం, ఆ చుక్కలు రోజూ తోముకునే వాళ్ళకే తెలిశాయి.

"ఆకుకి తెగులండీ," అన్నాడు నరసరాజు.

అప్పుడు లేచాను. ముఖం చూసుకునే అద్దం ఒకటి అధ్యక్షుల వారికిచ్చి, పటాన్ని అందులో చూడమన్నాను. కోదండరామయ్య గారు కళ్ళజోడు సర్దుకుని, మా కొట్టుదేలే, గట్టిగా చదివారు: "కృ... పా... వ... రం." ఆయన అద్దం దించి, "నరసరాజు గారూ, కృపావరం ఎవరండీ?" అని అడిగారు.

"ఎవరో నాకు తెలియదండీ," అన్నాడు.

నలుగురిలో తన నోటితోనే అన్నాడు దేవా. అది చాలు నాకు. పళ్ళెం తీసి పెట్రోమాక్సు పక్కన పట్టుకున్నాను. పేరు వెళ్ళి పటంలోలాగే తిరగబడి గోడ మీద పడింది. ఎండకి పడ్డంత స్పష్టంగా లేదు గాని పోల్చుకోవడానికి చాలు. "ఈ పళ్ళెం కృపావరం గారిది. ఆవిడ మా పిన్ని. దీని వెలుగుతో ఈ ఫోటో తీసింది ఆవిడ కూతురు. ప్లేటు కడగమని మీకిస్తే పొగచూరిపోయిందన్నారు," అన్నాను. నరసరాజు ముఖం మాడిపోయింది. వెనక బెంచీల్లో ఎవడో కిసుక్కుమన్నాడు, అంతే, హాలంతా నవ్వే. వెయ్యాల్సిన పూలదండ బల్ల మీదే ఉండిపోయింది. కోదండరామయ్య గారు మద్రాసుకి రాస్తామని అక్కడే చెప్పారు.

ఒక సంగతి. పత్రిక విలేఖరి హడావిడిలో "శ్రీమతి కృపావరం గారు తీసిన ఫోటో" అని పంపేశాడట. దిద్దించమంటావా?

సభ అయ్యాక అతను కండువా చంకలో పెట్టుకుని, కాలవ గట్టున ఒక్కడూ నడిచి వెళ్ళాడు. చూసి నాకు ఎలాగో అనిపించింది. ఇక చాలు దేవా. తనే గూడెం వచ్చి నిన్ను బతిమాలుకుంటానన్నాడని విన్నాను. వస్తే మర్యాదగా మాట్లాడు. లెన్సు తిరిగి ఇచ్చేశాడు, పళ్ళెంతో పాటు పంపుతున్నాను.

యోసేపు.


తాడేపల్లిగూడెం,
29 డిసెంబరు 1936.

అన్నయ్యకు,

పత్రికలో పేరు దిద్దించవద్దు. అమ్మదే ఉండనీ.

నరసరాజు గారు నిన్న పొద్దుటి రైలుకే వచ్చారు. నేను మర్యాదగానే మాట్లాడాను. అండీ అనకుండా ఒక్క మాట అనలేదు, వరండాలో కుర్చీ వేశాను, మంచినీళ్ళిచ్చాను. ఆ ఫోటో ఆయన పేరుతో పంపడానికి నేనే ఒప్పుకున్నానని రాసిస్తే మద్రాసు వాళ్ళు ఊరుకుంటారట, ఆయన పరువు నిలుస్తుందట. "మీరు నా కూతురులాంటివారమ్మా," అన్నారు. కూతురు ఏడుస్తూ రైలెక్కుతుంటే చూసిన తండ్రి!

"చూద్దామండీ. ముందు ఒక ఫోటోకి కూర్చోండి, కొత్త లెన్సొచ్చింది," అన్నాను. కాదనే స్థితిలో ఆయన లేరు.

మనుషుల ముఖం దగ్గర పెట్టవద్దని నువ్వు రాశావే, ఆ జర్మను లెన్సే బిగించాను. కెమెరా వెనక బొమ్మ కనబడే గరుకు అద్దంలో ఆయన ముక్కు తప్ప ఇంకేమీ పట్టనంత దగ్గరికి జరిపి, తరవాత ముఖమంతా వచ్చేదాకా కాస్త వెనక్కి లాగాను. పొద్దుటి ఎండ పక్కనుంచి, కిందుగా పడుతోంది. స్ఫోటకం గుంటలు, పౌడరు అంటిన ముడతలు, రంగు వేసిన మీసం మొదట్లో తెల్లటి మొలకలు, అన్నీ లేచి నిలబడ్డాయి. జానెడు దూరంలో ఇన్నేళ్ళ మోసం కనబడుతుందని నాకు తెలియదు. అప్పుడు పళ్ళెం తీశాను.

ఎండ తిప్పి ఆయన చెంప మీద వేశాను. అమ్మ పేరు చెవి దగ్గర మొదలై ముక్కు పక్కదాకా వచ్చింది. ఒక అక్షరం మీసంలో పడితే పళ్ళెం కాస్త ఎత్తి సరిచేశాను.

"ఎండ కళ్ళల్లో పడుతోందమ్మా," అన్నారు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"కదలకండి, ప్లేటు పాడైపోతుంది," అన్నాను. మూత తీశాను. తొందరపడలేదు.

ఇప్పుడు నా చీకటి గది నాదే, బడి సామాన్ల గదికి దుప్పట్లు కట్టుకున్నాను. ఆయన్ని కూర్చోబెట్టి ప్లేటు కడిగాను. అన్నయ్యా, నేను తీసినవాటన్నిటిలో ఇదే బాగా వచ్చింది. తూనీగ కూడా దీని ముందు చాలదు. చేతులు తుడుచుకుని బయటికి వచ్చాను.

"ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు.

"ప్లేటు పొగచూరిపోయిందండీ," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి తల దించుకున్నారు. కాగితం సంగతి మళ్ళీ ఎత్తబోతే అది కూడా కుదరదని చెప్పాను. స్టేషను దారి చూపించాను.

నువ్వు ఇక చాలన్నావు. నాకు చాలలేదు. ప్లేటు ఈ ఉత్తరంతో పాటే వస్తోంది, జాగ్రత్తగా విప్పు. నీ కొట్టు కిటికీ ఆయన గుమ్మానికి ఎదురే కదా, అందులో సరిపోయేంత పెద్దది చేసి పెట్టు. దీపాలు చెరో పక్కా. ఆయన వచ్చి తీసెయ్యమని అడిగితే, ఎవరో మాకు తెలియదండీ అను. ఒక్కటి మరచిపోకు, ప్లేటు తిరగేసి ప్రింటు వెయ్యి. అప్పుడు చెంప మీద అమ్మ పేరు అద్దం అక్కర్లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు.

నీ చెల్లెలు,
దేవకుమారి.